చింకారా రోడ్‌స్టర్ కొనేముందు ఏమేం చూడాలి? (బెంగళూరు బండి, అనంతపురానికి)

ప్రశ్న (అనంతపురం): అన్నలారా, బెంగళూరులో రెండు బండ్లు చూపిస్తున్నారు. ఒకటి చింకారా రోడ్‌స్టర్, ఫైబర్ బాడీ ఉన్న స్పోర్ట్స్ కారు, లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ కారు పోలికలో కట్టింది. రెండోది పైకి చూస్తే పోర్షే 550 స్పైడర్ అనే పాత రేసు కారు మాదిరి ఉంది, ఆర్సీలో మాత్రం మారుతి జిప్సీ. రెండోదే చవక. ఏది తీసుకోవచ్చు? ముందు ఫెండర్ మీద సాలెగూడు మాదిరి పగుళ్లున్నాయి రోడ్‌స్టర్‌కు.

జవాబు (కర్నూలు): జిప్సీది ఊరికే ఇచ్చినా వద్దు తమ్ముడూ. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా పడేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. జరిమానా కట్టి బయటపడొచ్చు గానీ, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పెద్ద పేచీ వస్తుంది. తర్వాత అమ్మాలన్నా ఇదే తలనొప్పి.

చింకారా అట్ల కాదు. అలీబాగ్‌లో తయారైన బండి, ఇంజన్ హిందుస్థాన్ కాంటెస్సా కారులో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు. అందుకే ఇంజన్ సామాను కాంటెస్సా పేరు చెప్పి వెతకాలి. ఆర్సీలో తయారీదారు పేరు, ఇంజన్ నంబరు సరిపోవాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలో, కొత్త వెల్డింగో కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

కాగితాలు: కర్ణాటక నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం (ఫారం 28), సంతకాలతో యాజమాన్య మార్పు ఫారాలు 29, 30, లోను తీరి ఉంటే దాన్ని ఆర్సీ నుంచి తీయించే ఫారం 35. ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27. లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు. 15 ఏళ్లు దాటి ఉంటే ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో ముందే చూడండి. వింటేజ్ నంబరు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, అది 50 ఏళ్లు దాటిన బండ్లకు.

జవాబు (కడప): పగుళ్ల సంగతి. ఫెండర్ కిందికి చెయ్యి పెట్టి, పగులు ఉన్నచోటే బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే పగిలింది పైపూత, అంటే జెల్‌కోట్ మాత్రమే. లోపలికి మెత్తగా దిగితే ఫైబర్ పొరలు విడిపోయాయి, ధర తగ్గించి మాట్లాడాలి.

బాగుచేయాలంటే పగులు కొసన 3 మి.మీ. రంధ్రం వేస్తే అది ఇంక పాకదు. లోపలివైపు 80 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఫైబర్‌గ్లాస్ మ్యాట్‌ను రెసిన్ (ద్రవ జిగురు)తో తడిపి వేయాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు మేరకు 450 గ్రాముల (చదరపు మీటరుకు) మ్యాట్ మూడు పొరలకు రెసిన్ సుమారు 300 గ్రాములు పడుతుంది. రెసిన్‌ను గట్టిపరిచే హార్డనర్ 1 శాతం, అంటే 3 గ్రాములు చాలు. మన ఎండలకు 2 శాతం పోస్తే బ్రష్ పెట్టేలోపే గడ్డకడుతుంది, అందుకే తెల్లవారుజామున పని మొదలుపెట్టండి. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ విడిగా ఇస్తే ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి, జాగ్రత్త.

ప్రశ్న (అనంతపురం): బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందన్నా, వైరింగ్ అంతా మార్చాలా?

జవాబు (కడప): వద్దు, అది ఎర్త్ లోపం. ఫైబర్‌లో కరెంటు పారదు, ప్రతి లైటుకూ ఎర్త్ వైరు విడిగా ఛాసిస్‌కు రావాలి. ఛాసిస్ మీద పెయింట్ గీకి, తుప్పు తీసి, బోల్టు బిగించి గ్రీజు పూయండి. బీమా తీసుకునేటప్పుడు ఇంకొకటి: ఫైబర్ భాగాల క్లెయిమ్‌లో 30 శాతం తరుగు కోస్తారు, జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని బీమా) ఇస్తారేమో అడిగి చూడండి.