చెయ్యి కోలుకుందో లేదో తేల్చాల్సింది పరీక్ష మార్కులా, మణికట్టు బ్యాండా?

కాకినాడ అమ్మాయి:
పోయిన ఏడాది మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎనిమిది నెలలు ఫిజియోథెరపీ చేయించాం. ఇప్పుడు చెక్కముక్కలు ఎత్తి అరలో పెడతారు, ఒక గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి ఒంపుతారు. చెయ్యి ఏ పనులు చేయగలదో చూసే ఏఆర్ఏటీ అనే పరీక్షలో 57కి 46 వచ్చాయంటే ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ ఇంటికొస్తే ఆ చెయ్యి ఒళ్లోనే ఉంటుంది. రిమోట్ కుడిపక్కనే ఉన్నా ఒళ్లంతా తిప్పి ఎడమచేత్తో అందుకుంటారు.

మూడు రోజులు రెండు మణికట్లకీ సెన్సార్ బ్యాండ్లు కట్టి చూశారు. ఎడమచెయ్యి రోజుకు 8 గంటలు కదిలితే కుడిచెయ్యి నాలుగున్నర. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఈ రెండిటి నిష్పత్తి సుమారు 0.95 ఉంటుందట, అంటే దాదాపు సమానం. నాన్నగారిది 0.56. మార్కులు చూసి ఇక చాలనుకున్న వాళ్లం, ఇది చూసి ఆగాం. థెరపీ ఆపాలా కొనసాగించాలా అన్నది ఈ అంకె చూసే నిర్ణయించాలని నా అభిప్రాయం.

ఫిజియో, వరంగల్:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ బ్యాండుకి తెలిసేది కదలిక ఒక్కటే, పని కాదు. నాన్నగారు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తారా? నడుస్తుంటే చెయ్యి ఊగుతుంది, అదీ లెక్కలోకి వస్తుంది. ఆటోలో కుదుపులకీ అంతే. అదే అన్నం కలిపి ముద్ద చేయడం చూడండి. అసలు పనంతా వేళ్లదే, మణికట్టు పెద్దగా కదలదు. చొక్కా గుండీ పెట్టుకోవడమూ అంతే. మన ఇళ్లలో కుడిచేత్తో అన్నం తినగలగడం కన్నా పెద్ద కోలుకోవడం ఏముంది? దాన్ని సరిగా చూడలేని అంకెతో థెరపీని తేల్చడం నాకు సమ్మతం కాదు.

కాకినాడ అమ్మాయి:
వాకింగ్ సంగతి నిజమేనండి. నడక సమయం తీసేసి లెక్కేయమన్నాను, నాలుగున్నర కాస్తా మూడున్నర అయింది. ఎడమచేతి గంటలూ తగ్గాయి కాబట్టి నిష్పత్తి పడింది మాత్రం 0.5కి. అంటే బ్యాండు చెప్పినదానికన్నా అసలు పరిస్థితే అధ్వానం.

పరీక్ష మార్కుల్ని మాత్రమే ఎందుకు నమ్మలేకపోతున్నానో చెప్తాను. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం 2017లో ఒక అధ్యయనం ప్రచురించింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 78 మందితో చేతి పనులు వేలసార్లు చేయించారు. కొందరితో మొత్తం 3,200 సార్లు, కొందరితో 9,600 సార్లు. పరీక్షలో మార్కులు పెరిగాయి. మణికట్టు సెన్సార్లు చూపిన రోజువారీ వాడకం మాత్రం ఏ గుంపులోనూ మారలేదు. చేయగలగడం వేరు, చేయడం వేరు. మా ఇంట్లో రోజూ కళ్లారా చూస్తున్నది ఇదే.

ఎడమచెయ్యి:
నేనూ స్ట్రోక్ వచ్చినవాణ్ణే కాబట్టి నా మాటా వినండి. నాకు పోయింది ఎడమచెయ్యి. దాంతో ఎప్పుడూ తినలేదు, ప్రసాదం తీసుకోలేదు, ఎవరికీ డబ్బులివ్వలేదు. అలాంటి చేతికి కుడిచేతితో సమానంగా 0.95 రావాలంటే ఎలా? పైగా మా అబ్బాయి రోజూ రాత్రి ఫోన్‌లో నా అంకె చూసి "ఇవాళ తగ్గింది నాన్నా" అనేవాడు. ఆ టెన్షన్‌కి ఊరికే చెయ్యి ఊపుతూ కూర్చునేవాణ్ణి. అంకె పెరిగింది, పని పెరగలేదు.

ఫిజియో, వరంగల్:
ఎడమచెయ్యి గారూ, ఒక్క మాట. ఆరోగ్యవంతుల్లోనూ రెండో చెయ్యి పళ్లెం పట్టుకుంటుంది, డబ్బా కదలకుండా ఆపుతుంది, బకెట్ మోస్తుంది. అందుకే ఆ నిష్పత్తి అంత దగ్గరగా ఉంటుంది. అయితే అంకెను రోజూ చూపించి నిలదీయడం తప్పే, మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. మూడు నెలలకోసారి, ఆ మనిషినే అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూస్తే చాలు.

కాకినాడ అమ్మాయి:
చూపించి నిలదీయడం నేనూ చేశానండి. నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఇక ఆ అంకె ఆయనకి చెప్పను. కానీ థెరపీ ఆపే ముందు అది చూసి తీరాలన్న మాటమీదే ఉన్నాను. వచ్చే వారం మళ్లీ మూడు రోజులు కట్టిస్తున్నాం. ఈసారి ఏ గంటకి ఏ పని కుడిచేత్తో చేశారో అమ్మ నోట్‌బుక్‌లో రాస్తుంది. గుండీలు, ముద్ద, చెంబు అని మూడు గడులు ఇప్పుడే గీసి పెట్టింది.