నాలుగు కంపెనీల సామాను ఒకే మోడ్‌బస్ లైన్ మీద: మీటర్ రీడింగ్ తప్పు, కంట్రోలర్లు టైమౌట్

సుల్తానాబాద్_ప్యానెల్:
బాయిల్డ్ రైస్ మిల్లు, డ్రైయర్ సెక్షన్. పీఎల్‌సీ (మిషన్లను నడిపించే కంట్రోల్ కంప్యూటర్) ఒక కంపెనీది, బ్లోయర్ల డ్రైవ్‌లు (మోటార్ స్పీడు మార్చేవి) మూడు ఇంకో కంపెనీవి, టెంపరేచర్ కంట్రోలర్లు రెండు వేరేవి, ఎనర్జీ మీటర్ మరొకటి. అన్నీ ఒకే ఆర్ఎస్-485 లైన్ (రెండు వైర్ల సిగ్నల్ లైన్) మీద, మోడ్‌బస్ ఆర్‌టీయూ (పరికరాలు డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి), సెకనుకు 9600 బిట్ల స్పీడు, 90 మీటర్ల కేబుల్. విడివిడిగా కలిపితే అన్నీ మాట్లాడుతున్నయి. బ్లోయర్లు నడిచినప్పుడు కంట్రోలర్లు టైమౌట్ (టైముకు జవాబు రాదు). పీఎల్‌సీల వోల్టేజ్ ఒకసారి సున్నా, ఒకసారి పేద్ద అంకె. మీటర్ డిస్‌ప్లేల మాత్రం 230 దగ్గరే ఉంది. ఎక్కడ చూడాలె అన్నా?

రిజిస్టర్_40001:
ఇవి రెండు వేర్వేరు తప్పులు, కలపొద్దు. మీటర్‌ది వర్డ్ ఆర్డర్ సమస్య, అంటే 16 బిట్ల ముక్కల (వర్డ్‌ల) వరుస తారుమారు. ఫ్లోట్ (దశాంశ) విలువ రెండు రిజిస్టర్లలో (ఒక్కోటి ఒక వర్డ్ పట్టే మెమరీ గడి) వస్తుంది. ఏది ముందు పంపాలో మోడ్‌బస్ చెప్పలేదు, తయారీదారు ఇష్టం. 230.0 అంటే హెక్స్‌లో (16 గుర్తులతో రాసే అంకెల పద్ధతి) 4366 0000. తలకిందులైతే 0000 4366, అంటే దాదాపు సున్నా. 231.4 అంటే 4367 6666. తిప్పితే 27 పక్కన 22 సున్నాలంత అంకె. మీకు కనిపిస్తున్నది ఇదే. పీఎల్‌సీలో రెండు వర్డ్‌లను స్వాప్ చేసి చదవండి.

స్వాప్ చేసినా తప్పొస్తే అడ్రస్ చూడండి. మాన్యువల్‌లో 40101 అని ఉంటే లైన్ మీద వెళ్లేది 100. కొన్ని పీఎల్‌సీలు ఆ ఒకటి తామే తీసేస్తాయి, కొన్ని తీయవు. 3 తో మొదలయ్యే నంబరైతే చదివే కమాండ్ ఫంక్షన్ 03 కాదు, 04 వాడాలి.

లైన్_టెస్టర్:
టైమౌట్ సంగతి నేను చెప్త. ముందుగాల సప్లై అంతా బంద్ చేసి, 485 లైన్ ప్లస్ మైనస్ వైర్ల నడుమ మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూడు. 60 దగ్గర రావాలె. 120 ఓమ్స్ రెసిస్టర్ (టర్మినేటర్) లైన్ రెండు కొసలకే ఉండాలె, నడుమల ఎక్కడా వద్దు.

సుల్తానాబాద్_ప్యానెల్:
40 వస్తుంది.

లైన్_టెస్టర్:
అయితే మూడు టర్మినేటర్లు ఉన్నయి. నడుమ డ్రైవ్‌ల ఏదో ఒకదాని టర్మినేషన్ స్విచ్ ఆన్‌ల ఉంటది, ఆఫ్ చెయ్యి. స్టాండర్డ్ ప్రకారం 485 చిప్ 54 ఓమ్స్ మీద 1.5 వోల్టులు ఇయ్యాలె. 40 అయితే సిగ్నల్ పడిపోతది, బ్లోయర్లు నడవంగనే డ్రైవ్ నాయిస్ దాన్ని మింగుతది. కమ్యూనికేషన్ కేబుల్ మోటార్ కేబుళ్లకు కనీసం అడుగు దూరం ఉండాలె, దాటాల్సి వస్తే అడ్డంగ దాటించు. షీల్డ్ (కేబుల్ లోపలి లోహపు తొడుగు) ఒక్క కొసనే ఎర్త్ చెయ్యి. మూడో వైరు, కామన్, అన్ని పరికరాలకూ తిప్పు. మిల్లుల ఎర్త్‌లు సమానంగుండవు, 485 తట్టుకునేది మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకనే. ఒకదాని మీదికెళ్లి ఇంకోదానికి గొలుసులెక్క పోవాలె, స్టార్‌లెక్క కొమ్మలు తీయొద్దు.

ఏ, బీ అక్షరాలను మాత్రం నమ్మకు. కొందరు ఏ అంటే ప్లస్ అంటరు, కొందరు మైనస్. కొత్త పరికరం జవాబియ్యకుంటే రెండు వైర్లు మార్చి చూడు, చెడిపోదు.

రిజిస్టర్_40001:
ఒక జాగ్రత్త. టైమౌట్ 1 సెకను, మూడు రీట్రైలు (జవాబు రాకుంటే మళ్లీ అడగడం) పెడితే ఒక్క పరికరం చచ్చినా లైన్ 4 సెకన్లు ఆగుతుంది. ఈలోపు డ్రైవ్‌ల కమ్యూనికేషన్ లాస్ టైమర్ అంతకన్నా తక్కువుంటే బ్లోయర్లన్నీ ట్రిప్ అవుతాయి. 300 మిల్లీసెకన్లు, ఒక్క రీట్రై పెట్టండి. ప్యారిటీ (డేటాలో తప్పు పట్టే అదనపు బిట్ సెట్టింగ్) పీఎల్‌సీకీ, మిగతా ఆరింటికీ ఒకటే ఉందా చూడండి. మార్చాక కొన్ని డ్రైవ్‌లు పవర్ ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా పాత సెట్టింగ్ మీదే నడుస్తాయి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం ఈ లైన్ మీద పెట్టకండి, దానికి విడిగా వైరు లాగండి.