అప్‌డేట్: పైథాన్‌తో మొదలుపెట్టి జావాకు వచ్చాను

బీకాం చదివిన నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం పైథాన్ నేర్చుకోవాలా, జావా నేర్చుకోవాలా అని అడిగినప్పుడు ఎక్కువమంది పైథాన్ వైపే మొగ్గు చూపారు. నేనూ దానితోనే మొదలుపెట్టాను. లూపులు, ఫంక్షన్లు, డిక్షనరీలు త్వరగానే పట్టుబడ్డాయి. అయితే హైదరాబాద్‌లో ఫ్రెషర్ల కోసం వచ్చే ప్రకటనల్లో జావా, దానితో అప్లికేషన్లు తయారుచేయడానికి వాడే స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ తరచుగా కనిపిస్తుండడంతో ఇప్పుడు జావా కూడా నేర్చుకుంటున్నాను.

పైథాన్ మనకు కనపడనివ్వని కొన్ని సంగతులు జావాలో తేటతెల్లమయ్యాయి. జావాలో పూర్ణాంకాల కోసం వాడే ఇంట్ రకపు వేరియబుల్‌లో 2147483647 ఉంచి దానికి ఒకటి కలిపితే, ఆ రకానికి కేటాయించేది 32 బిట్లే కాబట్టి, ఏ హెచ్చరికా లేకుండా -2147483648 వస్తుంది; పైథాన్‌లో పూర్ణాంకానికి అలాంటి స్థిరమైన హద్దు లేదు కనుక మెమరీ సరిపోయినంత వరకు సంఖ్య పెరుగుతూనే పోతుంది. అలాగే 7/2 అని రాస్తే పైథాన్ 3లో 3.5 వస్తుంది, జావాలో 3 మాత్రమే వస్తుంది. ఇంటర్వ్యూలకు వెళ్లేవారు ఈ రెండూ స్వయంగా నడిపి చూసుకోవడం మంచిది.

సీ భాషతో మొదలుపెట్టమన్న ఒకరిద్దరి మాటను కొట్టిపారేయడం లేదు గానీ, అందులోని పాయింటర్ల (మెమరీ చిరునామాలను దాచే వేరియబుళ్ల) సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకుంటాను. ఏ భాషతో వెళ్లినా ఇంటర్వ్యూల్లో జాయిన్‌ల (డేటాబేస్ పట్టికలను కలిపి చూడడం) గురించి అడుగుతున్నారు కాబట్టి, ప్రస్తుతం మిగిలిన సమయమంతా డేటాబేస్‌ల కోసం వాడే భాష అయిన ఎస్‌క్యూఎల్‌కే వెచ్చిస్తున్నాను.