వాడేసిన వంటనూనెతో డీజిల్ లారీ: నడిపినవాళ్లు చెప్పండి

కొత్త_స్టీరింగ్: పాత లారీ, ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కొక ప్లంజర్ చొప్పున వరసగా ఉండే డీజిల్ పంపు). వాడేసిన వంటనూనె పోసి నడపాలని ఉంది. మూడు డౌట్లు. ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా వడకట్టాలి? ట్యాంకు ఒకటి చాలా, రెండు కావాలా? ఇంజన్ ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చాలి?

నల్లపొగ: మైక్రాన్లు తర్వాత, ముందు నీళ్ల సంగతి చూడండి. నేను 1 మైక్రాన్ దాకా వడకట్టి, తేటగా ఉందని మురిసిపోయాను. నూనెలో కరిగిపోయిన నీళ్లు మామూలు ఫిల్టర్‌కి చిక్కవు. నాలుగు నెలలకే పంపు ప్లంజర్లు తుప్పుపట్టాయి. ఇప్పుడు పెనం బాగా కాల్చి ఒక చుక్క వేసి చూస్తాను. చిటపటమంటే ఆ డ్రమ్ము ముట్టుకోను.

పాత_పంపు: పంపులు విప్పి బిగించడమే ఇరవై ఏళ్లుగా నా పని, కాబట్టి రాసిపెట్టుకోండి. ట్యాంకులు రెండూ ఉండాల్సిందే. స్టార్టింగ్ డీజిల్ మీద. నూనె 70 డిగ్రీలు దాటాకే దాని మీదికి మార్చాలి. బండి ఆపే ముందు మళ్లీ డీజిల్ తిప్పి లైన్లు కడిగెయ్యాలి. చల్లటి నూనె డీజిల్ కంటే పదింతలు చిక్కన. రోటరీ పంపులైతే (ఒకే తిరిగే షాఫ్టుతో అన్ని సిలిండర్లకీ పంచేవి) అది లాగలేక షాఫ్టే విరుగుతుంది. అలాంటివి ఎన్ని విప్పానో.

గేర్_గిరి: నాది ఒకే ట్యాంకు, సగం డీజిల్, సగం నూనె. ఎండాకాలం దర్జాగా నడిచింది. చలికాలం ఒక తెల్లవారుజామున ఫిల్టర్‌లో గడ్డకట్టింది, లారీ కదిలితే ఒట్టు. అప్పటినుంచి ట్యాంకులో రాగి గొట్టం చుట్ట పెట్టి వేడి కూలెంట్ తిప్పుతున్నాను. హాయిగా ఉంది.

నల్లపొగ: రాగా?! రాగి తగిలితే నూనె తొందరగా చెడి జిగురు కడుతుంది.

గేర్_గిరి: ఏడాదైంది, ఏమీ కాలేదు. వేడి అంత బాగా ఎక్కించేది ఇంకేముంది?

పాత_పంపు: తమ్ముడూ, మూత తీసి ఆ గొట్టాన్ని ఎప్పుడైనా తడిమి చూశావా?

గేర్_గిరి: మీ షాపు నడవాలని జనాన్ని భయపెట్టకండి అన్నా.

పాత_పంపు: నా షాపు నడిచేదే నీలాంటివాళ్ల వల్ల.

సబ్బునురగ: ఇద్దరూ ఆగండి. రాగి ఆక్సీకరణని వేగం చేస్తుంది, అది నిజం. స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం వేసుకుంటే గొడవ లేదు. అసలీ వేడిచేసే బాధంతా ఎందుకు, బయోడీజిల్ చేసుకోండి. నూనెలో మిథనాల్ అనే ఆల్కహాల్, కాస్టిక్ సోడా కలిపితే గ్లిజరిన్ అడుగుకి దిగుతుంది, పైన పల్చటి ఇంధనం. మిథనాల్‌తో మాత్రం జాగ్రత్త, దాని మంట పగటి వెలుతురులో కనపడదు కూడా. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన ఈ ఇంజన్ కనిపెట్టిందే పల్లీనూనె కోసం!

నల్లపొగ: ఇది పాత పుకారే. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న ఇంజన్‌ని పల్లీనూనెతో నడిపింది ఓటో అనే ఇంజన్ల కంపెనీ. ఆ ముచ్చట డీజిలే 1912లో చెప్పాడు. అంతకుముందు ఆయన బొగ్గుపొడితో కూడా నడపాలని చూశాడు. అలాగని మనం బొగ్గు పోస్తామా?

సబ్బునురగ: నడిచిందా లేదా? అది చాలు.

బంపర్_బాబు: నాది కొత్త బండి, కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకీ బాగా ఒత్తిడితో డీజిల్ వెళ్లే రకం). కొంచెం కలపొచ్చా?

పాత_పంపు: వద్దు.

బంపర్_బాబు: చాలా కొంచెమే...

పాత_పంపు: వెయ్యి బార్లు దాటే ఒత్తిడి, వెంట్రుకంత సన్నటి నోజిల్ రంధ్రాలు. వద్దంటే వద్దు.

కొత్త_స్టీరింగ్: నా మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇంజన్ ఆయిల్?

గేర్_గిరి: మామూలుగా మార్చే దూరంలో సగానికే మార్చెయ్. కాలని నూనె పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది. డీజిల్‌లా ఆవిరైపోదు, ఇంజన్ ఆయిల్‌లోనే ఉండి చిక్కబడుతుంది. నేను ఆలస్యం చేసి ఆయిల్ ఛాంబర్ విప్పితే లోపల జెల్లీ. అది మాత్రం రాగి వల్ల కాదు, ముందే చెబుతున్నా.