తమ్ముడి సపోర్ట్ ప్లాన్ తమ్ముడికే అర్థం కావట్లేదు

ప్రశ్న: మా తమ్ముడికి మేధో వైకల్యం. వాడికి రోజువారీ పనుల్లో ఏ సాయం కావాలో రాసిన సపోర్ట్ ప్లాన్ 11 పేజీలు. "స్నాన సమయమున పాక్షిక సహాయము అవసరము" అని చదివి వినిపిస్తే, "ఇది ఎవరి గురించక్కా?" అన్నాడు. ఎలా తిరగరాయాలి?

జవాబు 1: "నేను" అని మొదలుపెట్టండి. "నేనే స్నానం చేస్తాను. వీపు మాత్రం అక్క రుద్దుతుంది." వాక్యానికి ఒక్క విషయమే. అక్షరాల సైజు 14 పాయింట్లకు తగ్గకూడదు. సులభంగా రాసివ్వమని అడగడానికి మొహమాటమెందుకు, వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే సరళ భాష ప్రస్తావన ఉంది.

జవాబు 2: మాటల పక్కన రెడీమేడ్ బొమ్మలు వద్దండీ. మావాడు గడియారం బొమ్మ చూసి, వాచీ కొనిస్తారనుకున్నాడు! వాడి బ్రష్షు, వాడి మంచం ఫోటోలే పెట్టాం.

అడిగినవారు: నిన్న ఇద్దరం కూర్చుని మొదటి పేజీ రాశాం. "తలుపు కొట్టి లోపలికి రండి" అని వాడే చెప్పి రాయించాడు. ఆ 11 పేజీల్లో ఎక్కడా లేదది.