సింగపూర్ వదిలి బ్యాంకాక్ వెళ్తే తిండి, మందు ఖర్చు నిజంగా తగ్గుతుందా?

గోదారోడు:
బ్యాంకాక్ ఆఫీసులో ఒక పోస్టుంది, వస్తావా అంటున్నారు. జీతం ఇప్పటికన్నా పావు వంతు తక్కువ. టీములో మనవాళ్లంతా "అక్కడ బయట తిండి, పబ్బులు సగం కూడా అవ్వవు, కళ్లు మూసుకుని ఎక్కెయ్ ఫ్లైటు" అంటున్నారు. ఇక్కడ నాకు శని, ఆదివారాల్లోనే జేబు ఖాళీ అయిపోతోంది. అద్దె లెక్క వేరే వేసుకున్నా, అది వదిలేయండి. తిండి, మందు సంగతే చెప్పండి. బ్రహ్మచారిని.

వరంగల్ పోరడు:
అన్నా, ఆలోచించుడెందుకు, పో. మొన్న శుక్రారం ఇక్కడ సింగపూర్ల క్లార్క్ కీ పబ్బుల దిక్కు పోయినం. మెనూ మీద బీరు పైంట్ 16 సింగపూర్ డాలర్లు. బిల్లొచ్చే వరకు 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద మళ్ల 9 శాతం జీఎస్టీ. 100 డాలర్లకు తాగితే 119 డాలర్ల 90 సెంట్లు కట్టాలె. 2022 దాకా జీఎస్టీ 7 శాతమే ఉండె. 2023ల 8, 2024ల 9 చేసిన్రు. రాత్రి 12 దాటిందా, టాక్సీ మీటరు మీద ఇంకో 50 శాతం. బ్యాంకాక్ల ఈ లొల్లి ఉండదు.

సుఖుంవిత్ సుబ్బులు:
ఉండకపోవడమేంటి బాబూ? ఇక్కడ బ్యాంకాక్‌లోనూ కాస్త పేరున్న రెస్టారెంటుకెళ్తే మెనూలో ధర పక్కన ప్లస్ ప్లస్ ఉంటుంది. 10 శాతం సర్వీసు, దాని మీద 7 శాతం వ్యాట్, వెరసి 17.7 శాతం. మీ 19.9కీ మా 17.7కీ తేడా ఎంతని?

చవకంటారా, సందు చివర బండి దగ్గర చవకే. మాంసం కైమా, తులసాకు, మిరపకాయలు కలిపి సలసలా వేయించి, అన్నం పక్కన పోసి, పైన అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డు వేసిస్తారు. పద్ క్రపావ్ అంటారు. 60 బాత్ (థాయ్ డబ్బు) చేతిలో పెడితే కడుపు నిండిపోతుంది. రోజూ అది తినగలిగితే మీకు బ్యాంకాక్‌లో తిరుగులేదు. కానీ నేను చూసిన మనవాళ్లందరూ సోమ, మంగళవారాలు అది తిని, బుధవారానికి ఇండియన్ హోటలుకి పరిగెత్తుతారు. అక్కడ ఒక బిర్యానీకి బండి మీద ఐదు పూటల భోజనం డబ్బు అయిపోతుంది. సింగపూర్‌లో మీకు చవకగా దోశ తినడానికి టెక్కా సెంటర్ ఉంది. మాకు దోశ కూడా ఏసీ గదిలోనే.

పప్పుచారు:
శాకాహారులెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. థాయ్ వంటలో నామ్ ప్లా, అంటే చేపల సాసు, దాదాపు ప్రతిదాంట్లో పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపించే "జే" బళ్ల దగ్గరే తినండి. చప్పగా ఉందని తిట్టుకోకండి, వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

టెక్కా పక్కింటోడు:
గోదారి తమ్ముడూ, తిండినీ మందునీ ఒకే పద్దులో రాసి సింగపూర్‌ని తిడుతున్నావు. హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట, 5 డాలర్లకి చికెన్ రైస్ ఇప్పటికీ దొరుకుతుంది, దానికి సర్వీస్ ఛార్జీ లేదు. పొద్దునా రాత్రీ అక్కడ తిన్నవాడు ఈ ఊళ్లో దివాలా తీయడు. దివాలా తీయించేది మందు మీద సుంకం. విస్కీ మీద లీటరు స్వచ్ఛమైన ఆల్కహాలుకి 88 డాలర్లు. 700 మిల్లీలీటర్ల, 40 శాతం సీసాలో ఆల్కహాలు 280 మిల్లీలీటర్లు, అంటే మూత తీయకముందే 24 డాలర్ల 64 సెంట్లు సర్కారుకి వెళ్లిపోయాయి. పైగా 2015 చట్టం వచ్చాక రాత్రి పదిన్నర దాటితే షాపుల్లో అమ్మరు, వీధిలో తాగనివ్వరు. తర్వాత కావాలంటే బార్లోనే కూర్చోవాలి. నీ శనివారం బిల్లు పుడుతున్నది అక్కడే. గ్లాసు తగ్గించు, ఊరు మారక్కర్లేదు.

వరంగల్ పోరడు:
గ్లాసు తగ్గించుమని చెప్పనీకి మా నాయన ఉన్నడు పెద్దాయనా 😄 అన్న అడిగింది ఎక్కడ చవక అని.

కేఎల్ కాపురం:
మధ్యలో మా ఊరు కౌలాలంపూర్‌ని మరచిపోయారు. రెండు రింగిట్ల చిల్లరకి మన పరోటా లాంటి రోటీ చనాయ్, గ్లాసు నిండా తేతారిక్ టీ, తెల్లారేదాకా తెరిచి ఉండే మామక్ (తమిళ ముస్లింల) హోటళ్లు. 2024 మార్చిలో సర్వీస్ ట్యాక్సు 8 శాతానికి పెంచినా తిండి మీద 6 దగ్గరే ఉంచారు. బీరు మాత్రం అడక్కండి, ఇక్కడా పన్ను వాత గట్టిదే. లంకావి ద్వీపంలో సుంకం లేదు కాబట్టి సెలవులకి అక్కడ పడతాం. మామూలు రోజుల్లో మా నైట్‌లైఫ్ అంటే మామక్ టీవీలో ఫుట్‌బాల్.

సుఖుంవిత్ సుబ్బులు:
గ్లాసు లెక్కకే వస్తా. కన్వీనియెన్స్ స్టోరులో పెద్ద లియో బీరు సీసా 70 బాత్ లోపు. అదే రాత్రి ఖరీదైన బార్లుండే తోంగ్లోర్‌లో కాక్‌టెయిల్ 400, ప్లస్ ప్లస్. రెండూ బ్యాంకాకే. మీరు ఏ బ్యాంకాక్‌లో బతుకుతారో మీ సహోద్యోగులు తేలుస్తారు, మీరు కాదు. దానికి తోడు 2023 డిసెంబరు నుంచి ఇక్కడ కొన్ని పేటల్లో పబ్బులు తెల్లవారుజామున 4 దాకా తెరిచే ఉంటున్నాయి. గ్లాసు చవకైతే గ్లాసులు పెరుగుతాయి.

వరంగల్ పోరడు:
రోజూ తోంగ్లోర్ ఎవడు పోతడక్కా? 70 బాత్ సీసా కొనుక్కొని రూమ్ల కూసునేటోనికి చవకే కదా. ఆ మాటైతే ఒప్పుకో.

సుఖుంవిత్ సుబ్బులు:
ఒప్పుకున్నా. గదిలో కూర్చుని తాగేవాడికి పావు జీతం వదులుకుని దేశం మారడం దేనికో మరి.

అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. గోదారోడు గారూ, ఆ జీతం పన్నుకి ముందా, తర్వాతా? ఇక్కడ ఏడాదికి 20 లక్షల బాత్ దాటిన ఆదాయం మీద 30 శాతం పన్ను. నెలకి 2 లక్షల బాత్ వచ్చినా ఆ గీత దాటేస్తారు. సింగపూర్‌లో లక్ష డాలర్ల వార్షికాదాయానికి పై భాగం మీద కూడా 11.5 శాతమే. ఆ తేడా ముందు పైంట్ల గొడవ ఎంత?

గోదారోడు:
ఆఫర్ లెటర్ తీసి చూశా, పన్నుకి ముందే. నికరం ఎంతొస్తుందో హెచ్‌ఆర్‌ని అడుగుతున్నా. ఒకవేళ వస్తే, ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందండీ?

సుఖుంవిత్ సుబ్బులు:
సీలోం మారియమ్మన్ గుడి చుట్టుపక్కల వెతకండి. పప్పులు, మసాలాలు పహురత్ బజారులో దొరుకుతాయి. గోంగూర పచ్చడి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, నాక్కూడా ఒక సీసా.