స్లిప్పర్ క్లచ్ త్వరగా అరిగింది: తప్పు డౌన్‌షిఫ్ట్‌దా, లివర్ సెట్టింగ్‌దా?

రెండోగేరు
నాది సింగిల్ సిలిండర్ బండి, అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్. 14,000 కిలోమీటర్లకే టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఆర్‌పీఎం లేస్తోంది, స్పీడు మాత్రం లేవడం లేదు. ఇంజిన్ వేడెక్కాక న్యూట్రల్ ఒక పట్టాన దొరకదు. నిన్న కవర్ విప్పించాను. స్టీల్ ప్లేట్లు నీలం రంగుకి తిరిగాయి. హౌసింగ్ (ప్లేట్లని చుట్టి పట్టుకునే, ఇంజిన్ తిప్పే బయటి గిన్నె) వేళ్ల మీద గోరు పెట్టి గీస్తే తగిలేంత గాట్లు ఉన్నాయి.

విప్పిన మెకానిక్ ఒక్క మాటలో తేల్చేశాడు: "స్లిప్పర్ ఉంది కదా అని గేర్లు దబదబా దించేస్తున్నావు, అందుకే." డౌన్‌షిఫ్ట్‌లో, అంటే గేరు దించేటప్పుడు, నేను బ్లిప్ (యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పి ఇంజిన్ వేగం పెంచడం) ఇవ్వని మాట నిజమే. హౌసింగ్, హబ్ (గేర్‌బాక్స్‌ని తిప్పే లోపలి భాగం), ప్రెషర్ ప్లేట్ (ప్లేట్లని నొక్కి పట్టేది), ప్లేట్లు అన్నీ మార్చాలంటున్నాడు. అసలు కారణం తెలియకుండా మారిస్తే ఇంకో 14,000కి మళ్లీ ఇదే పరిస్థితి వస్తుందేమోనని టెన్షన్. మీరేమంటారు?

ట్రాక్‌డే
మెకానిక్ చెప్పిందే కరెక్ట్. స్లిప్పర్ క్లచ్ పెట్టింది వెనక చక్రం ఎగిరెగిరి పడకుండా, రైడర్‌కి పని తగ్గించడానికి కాదు. 1983 నాటి హోండా వీఎఫ్750ఎఫ్‌లో వన్‌వే క్లచ్ పెట్టినప్పుడూ ఉద్దేశం ఇదే. గేరు దించి లివర్ టక్కున వదిలితే చక్రం నుంచి ఇంజిన్ వైపు వెనక్కి లాగుడు వస్తుంది. ఆ లాగుడికి హబ్, ప్రెషర్ ప్లేట్ల మీదుండే ర్యాంపులు (వాలు ముఖాలు) ఒకదాని మీద ఒకటి ఎక్కి ప్రెషర్ ప్లేట్‌ని పైకి లేపుతాయి, ప్లేట్లు జారతాయి. జారిన ప్రతిసారీ వేడి పుడుతుంది. ఆరులోంచి రెండుకి ఒకేసారి దిగి వదిలేసే అలవాటుంటే ఆ వేడి రోజూ ఉన్నట్టే. బ్లిప్ ఇవ్వడం నేర్చుకోండి బ్రదర్, క్లచ్ ఎక్కువ కాలం వస్తుంది.

నల్లనూనె
ముందు ఏ ఆయిల్ పోశారో చెప్పండి. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా? జాసో టీ 903 ప్రమాణంలో ఎంబీ అంటే రాపిడి తక్కువుండే ఆయిల్. ఇంజిన్‌కి హాయి, తడి క్లచ్‌కి, అంటే ఇంజిన్ ఆయిల్‌లోనే తిరిగే క్లచ్‌కి, చేటు. ఇంకో పని చేయండి. తీసిన ఆయిల్ కొంచెం తెల్ల గుడ్డ మీద పోసి వెలుతురులో చూడండి. వెండి పొడిలా మెరుస్తుంటే దాని మీద అయస్కాంతం తిప్పండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే అల్యూమినియం, అంటే హౌసింగో హబ్బో రాలుతోందని ముందు అనుమానించాలి. నల్లటి మడ్డి అయితే అది స్టీల్ ప్లేట్ల మధ్య ఉండే ఫ్రిక్షన్ (రాపిడి) ప్లేట్ల పదార్థం.

గ్రీజుచేతులు
ట్రాక్‌డే గారూ, మీరు చెప్పిన పనితీరులో తప్పు లేదు. కానీ ఈ బండి విషయంలో అప్పుడే తీర్పు ఇచ్చేయడం అన్యాయం. అరుగుదల ఏ వైపు నుంచి వచ్చిందో భాగాలే చెబుతాయి, వాటిని ఎవరూ చూడలేదు. "నీ రైడింగే" అనేసి పూర్తి సెట్ అమ్మడం నాకు ఒళ్లు మండే విషయం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

హౌసింగ్ వేళ్ల మధ్య ఒక్కో గాడికి రెండు గోడలుంటాయి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, హౌసింగ్ తిరిగే దిశలో చూస్తే ఫ్రిక్షన్ ప్లేట్ చెవికి (అంచున పొడుచుకొచ్చి గాడిలో కూర్చునే ముక్కకి) వెనకున్న గోడ దాన్ని ముందుకు తోస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు అదే చెవి వెళ్లి ముందున్న గోడకి కొట్టుకుంటుంది. కాబట్టి గాట్లు వెనక గోడ మీద లోతుగా ఉంటే అవి ఇంజిన్ లాగుడు వల్ల పడ్డవి. ముందు గోడ మీద లోతుగా ఉంటే డౌన్‌షిఫ్ట్‌ని అనుమానించండి. సింగిల్ సిలిండర్‌లో ప్రతి పేలుడికీ ఒక దెబ్బ పడుతుంది గనక వెనక గోడ మీద కొంత గుర్తు సహజం.

ర్యాంపులూ అంతే. వాటిలో అసిస్ట్ క్యామ్ ముఖం వేరు, స్లిప్పర్ క్యామ్ ముఖం వేరు. లాగేటప్పుడు అసిస్ట్ ముఖాలు ప్రెషర్ ప్లేట్‌ని లోపలికి గుంజి ప్లేట్లని ఇంకా గట్టిగా నొక్కుతాయి. ఇంజిన్ బ్రేకింగ్‌లో స్లిప్పర్ ముఖాలు దాన్ని బయటికి తోస్తాయి. డౌన్‌షిఫ్టులే కారణమైతే స్లిప్పర్ ముఖాల మీద గుంటలో, ఒక అంచున మెట్టులా అరుగుదలో కనిపించాలి. ఊరికే నున్నగా మెరవడం అరుగుదల కాదు, అది పనిచేసిన గుర్తు.

ఇక నీలం రంగు. డౌన్‌షిఫ్ట్‌లో క్లచ్ జారేది క్షణం సేపు. స్టీల్ నీలమయ్యేంత వేడి ఎక్కువగా వచ్చేది ఇంజిన్ లాగుతుండగా క్లచ్ కొద్దికొద్దిగా, ఎక్కువసేపు జారినప్పుడు. అసిస్ట్ క్లచ్‌లో స్ప్రింగులు మెత్తనివి, చాలా బండ్లలో మూడే ఉంటాయి. మిగతా ఒత్తిడి క్యామ్ ఇస్తుంది గనక ఆ మాత్రం చాలు. కానీ దీనికో ఇబ్బంది ఉంది. మామూలు క్లచ్‌లో లివర్ మీద వేలు ఆన్చితే పోయే ఒత్తిడి మొత్తంలో చిన్న భాగం. ఇక్కడ స్ప్రింగే మెత్తన, అదే వేలు పెద్ద భాగం తినేస్తుంది. కేబుల్‌లో ఫ్రీ ప్లే (లివర్ నొక్కగానే కేబుల్ బిగుసుకోకుండా ముందుండే కాస్త వదులు) లేకపోయినా అంతే. పైగా ప్లేట్లు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేట్ లోపలికి జరుగుతుంది, ఉన్న ఫ్రీ ప్లే కూడా తగ్గుతుంది. తగ్గితే జారుతుంది, జారితే ఇంకా అరుగుతుంది.

తమ్ముడూ, విప్పినవి పారేయకు. ఈ నాలుగూ చూసి చెప్పు: గాట్లు ఏ గోడ మీద, స్లిప్పర్ ముఖాలు ఎలా ఉన్నాయి, స్ప్రింగుల పొడవు ఎంత, విప్పకముందు లివర్ ఫ్రీ ప్లే ఎంత ఉండేది.

రెండోగేరు
అన్నా, ఇవాళ మధ్యాహ్నమంతా అదే పని. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ2 ఉంది. గుడ్డ మీద మెరుపు కనిపించింది, అయస్కాంతానికి అంటలేదు.

గాట్లు వెనక గోడ మీదే. ముందు గోడ మీద మెరుపు తప్ప గోరుకి ఏమీ తగలడం లేదు. స్లిప్పర్ ముఖాలు నున్నగా ఉన్నాయి, గుంటల్లేవు. స్ప్రింగుల పొడవు మూడూ మాన్యువల్ పరిమితిలోనే ఉంది. ఫ్రిక్షన్ ప్లేట్లు మాత్రం పరిమితి దాటి పలచబడ్డాయి. స్టీల్ ప్లేట్లని చదునైన అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకుల సెట్) దూర్చాను. రెండింటి కింద 0.4 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది.

ఫ్రీ ప్లే అడిగారు కదా. నా చేతులు చిన్నవి. ఆరు నెలల క్రితం పొట్టి లివర్ వేయించుకుని, క్లచ్ తొందరగా అందాలని కేబుల్ బిగించుకున్నాను. లివర్ కొనలో అసలు ఆటే ఉండేది కాదు. అప్పట్లో అదే బాగుందనుకున్నాను.

ట్రాక్‌డే
ఒక సందేహం. ఫ్రీ ప్లే లేకపోతే లివర్ నొక్కినప్పుడు ప్లేట్లు ఇంకా బాగా విడిపోవాలి కదా? మరి న్యూట్రల్ ఎందుకు దొరకలేదు? మీ వివరణలో అది ఇమడదు.

గ్రీజుచేతులు
మంచి ప్రశ్న. న్యూట్రల్ సమస్య కేబుల్ వల్ల నేరుగా వచ్చింది కాదు, దాని తర్వాత వచ్చింది. వేడికి స్టీల్ ప్లేట్లు వంగాయి, ఫీలర్ గేజ్ చూపించింది అదే. వంగిన ప్లేటు లివర్ నొక్కినా పక్కదాన్ని రాసుకుంటూనే ఉంటుంది. దానికి తోడు చెవులు గాట్లలో ఇరుక్కుని ప్లేట్లు పక్కకి జరగవు. అందుకే వేడెక్కాక ఇంకా మొరాయించింది.

ట్రాక్‌డే
సరే, ఈ బండి వరకు ఒప్పుకుంటాను. డౌన్‌షిఫ్ట్ మీద మాత్రం నా మాట మార్చుకోను. ముందు గోడ మీద గుర్తు లేదంటే ఇంకా పడలేదనే అర్థం.

నల్లనూనె
హౌసింగ్ సంగతేంటి? ఆకురాయితో గాట్లు నున్నగా చేసి వాడొచ్చని చాలామంది అంటారు.

గ్రీజుచేతులు
నేను సగమే ఒప్పుకుంటాను. గాటు అంచున పైకి లేచిన గరుకుని చదును ఆకురాయితో తీయొచ్చు, అన్ని వేళ్లకీ సమానంగా. గాటు అడుగు దాకా రాశారంటే చెవికీ గోడకీ మధ్య సందు పెరుగుతుంది, దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. గోరు తట్టి ఆగిపోయేంత లోతుంటే నా చేతుల్లో అది మార్చే భాగమే. రెండోగేరు, నీది ఏ స్థాయిలో ఉంది?

రెండోగేరు
పన్నెండు వేళ్లలో మూడింటి మీద గోరు ఆగిపోతోంది. మిగతా వాటి మీద తట్టి జారిపోతోంది. హౌసింగ్, ఫ్రిక్షన్ ప్లేట్లు, స్టీల్ ప్లేట్లు మారుస్తున్నాను. హబ్, ప్రెషర్ ప్లేట్, స్ప్రింగులు పాతవే. మెకానిక్‌కి రెండు గోడలూ చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "సరే, ఇవి ఉంచుదాం" అన్నాడు.

గ్రీజుచేతులు
కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని బిగించే ముందు ఇంజిన్ ఆయిల్‌లో నాననివ్వండి. చాలా బండ్లలో చివరి ప్లేటు చెవులు వేరే పొట్టి గాడిలో కూర్చుంటాయి, మాన్యువల్‌లో బొమ్మ చూసుకోండి. స్ప్రింగ్ బోల్టులు ఒకదాన్నే పూర్తిగా బిగించకుండా తలా కాస్త బిగించుకుంటూ టార్క్ రెంచ్‌తో ముగించండి. ఫ్రీ ప్లే మాన్యువల్ అంకెకి పెట్టి, వేడెక్కాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి మళ్లీ చూడండి. లివర్ అందకపోతే దూరం సర్దుకునే స్క్రూ ఉన్న లివర్ వేసుకో తమ్ముడూ, కేబుల్ జోలికి మాత్రం వెళ్లకు.